పద్యం పుడుతుంటే చూశారా!

'పద్యాలా... మనకేం అర్థమవుతాయిలే!'

అష్టావధానానికి రమ్మని పిలిస్తే మొదట వచ్చే మాట ఇదే. ఛందస్సు రాదు, సంస్కృతం అసలే రాదు, మధ్యలో లేచి వస్తే బాగోదు... సాకులకేం కొదవ! కొడవలూరు నుంచి కోవూరు మీదుగా వెళ్లి పెన్నా వంతెన దాటితే నెల్లూరే. దూరం కన్నా బెరుకే ఎక్కువ.

నిజానికి ఈ సీమవాళ్లకు బెరుకెందుకు? 13వ శతాబ్దంలో, మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన విరాటపర్వం మొదలు పదిహేను పర్వాల భారతాన్ని తెనిగించాడు. ఆయన ఆగకుండా చెబుతుంటే గురునాథుడు ఆగకుండా రాసేవాడట. ఓచోట పద్యం అందక, ఏం చెప్పేదని తిక్కన ఆ లేఖకుణ్నే అడిగాడనీ, తీరా చూస్తే ఆ మాటే పద్యంలో ఇమిడిపోయిందనీ కథ. కథలో నిజమెంతైనా, పద్యం పుడుతుంటే పక్కనే కూర్చుని వినే అదృష్టం గురునాథుడిది.

అవధానంలో మనకు దొరికేదీ ఆ చోటే. కవిసమ్మేళనంలో కవి రాసుకొచ్చింది చదువుతాడు. ఇక్కడ అవధాని చేతిలో కాగితం ఉండదు. చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు. నిషిద్ధాక్షరి అడిగేవారు, తర్వాత ఏ అక్షరం రాబోతోందో ఊహించి దాన్నే వద్దంటారు. అవధాని ఇంకోటి వెతుక్కోవాలి. దత్తపదిలో నాలుగు మాటలిచ్చి, వాటితో ఏ భారత ఘట్టమో చెప్పమంటారు. టిఫిన్ల పేర్లిచ్చినా సరే! 'వడ' వడగాలిలో కలిసిపోతుంది. 'పూరి' పూరించడంలో దాక్కుంటుంది. 'ఇడ్లీ' దగ్గరే అసలు తిప్పలు. ఇంతలో అప్రస్తుత ప్రసంగం వారు ఇంటి సంగతులో, సినిమా కబుర్లో అడిగి దృష్టి మళ్లిస్తారు. మొదటిసారి వచ్చినవాళ్లు హాయిగా నవ్వేది అప్పుడే. మరోపక్క ఎప్పుడు పడితే అప్పుడు గంట మోగుతుంటుంది. అదీ లెక్కపెట్టుకోవాలి.

ఒక్కోసారి అవధాని ఆగిపోతాడు. సభంతా నిశ్శబ్దం. ఆ మాట దొరుకుతుందా, దొరకదా? యతిప్రాసలు తెలియనివాళ్లు కూడా కుర్చీ అంచుకు జరుగుతారు. తప్పితే అందరి ముందూ తప్పినట్టే మరి. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి జనాన్ని పద్యానికి అలవాటు చేసింది ఈ ఉత్కంఠతోనే. దళిత కుటుంబంలో పుట్టిన ఆశావాది ప్రకాశరావు అవధానిగా పేరు తెచ్చుకుని 2021లో పద్మశ్రీ అందుకున్నారు. పద్యం ఏ కొందరి సొత్తో అనుకునేవాళ్లు ఆయన పేరు గుర్తు చేసుకోవాలి.

కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది... బస్సు వెళ్లిపోతుందని ధారణకు ముందే లేచిపోవడం. ఆవృత్తికో పాదం చొప్పున ముక్కలుగా విన్న పద్యాలన్నీ అవధాని మొదటినుంచి వరసగా అప్పజెప్పేది అప్పుడే. మీరు విన్న పాదం తిరిగొస్తే, గుర్తుపట్టి పక్కవారి వైపు చూస్తారు. ఆఖర్న, గంట కొట్టినాయన తన చీటీ తీస్తాడు. మొత్తం ఎన్నో అవధాని చెబుతాడు.