గుండెకు జాతి ఉన్నదా?



"వాళ్ళ రక్తమే అంత" అనే మాట మనం తరచు వింటూ ఉంటాము. ఒక ఇంట్లో తండ్రికీ కొడుకుకీ రక్తపోటు వస్తే వంశం అంటాము. ఒక జనమంతటిలోనూ ఎక్కువగా కనిపిస్తే జాతి లక్షణం అంటాము. అమెరికాలోని నల్లజాతివారి గురించి చాలాకాలం ఇలాగే అనుకున్నారు. అక్కడ తెల్లవారిలో కంటే వారిలో రక్తపోటు ఎక్కువ. చిన్న వయసులోనే మొదలవుతుంది. ముసలితనం వచ్చేసరికి గుండెను, మూత్రపిండాలను, మెదడును దెబ్బతీస్తుంది.

ఇది నిజంగా రక్తంలోనే ఉంటే, వారి పూర్వులు పుట్టిన ఆఫ్రికాలోనూ అంతే ఉండాలి కదా! రిచర్డ్ కూపర్ అనే వైద్యుడు, ఆయన తోటివారు ఈ సంగతే పరీక్షించి, 1997లో ఫలితాలు ప్రకటించారు. వయసు తేడాలు సరిచేసి లెక్కిస్తే పశ్చిమ ఆఫ్రికాలో నూటికి 16 మందికి, కరిబియన్ దీవుల్లో 26 మందికి, అమెరికాలో 33 మందికి రక్తపోటు ఉన్నట్లు తేలింది. మూలం ఒక్కటే. బ్రతికే చోటు మారింది, రక్తపోటూ మారింది. ఒంటి బరువు, తినే ఉప్పు ఇందుకు ముఖ్యమైన కారణాలు. అయితే మనసు మోసే బరువును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఒక రైతు కథ చెబుతాను. ఆయన పేరు జాన్ హెన్రీ మార్టిన్. నార్త్ కరొలైనా రాష్ట్రంలో 1907లో కటిక బీదరికంలో పుట్టిన నల్లజాతి మనిషి. చదివింది రెండో తరగతి. పంటలో వాటాకు సాగు చేస్తూ తరతరాలుగా అప్పుల్లో మునిగే పద్ధతి అది. ఆయన రాత్రనక పగలనక కష్టపడి దాని నుంచి బయటపడి, 40 ఏళ్ళకల్లా 75 ఎకరాల ఆసామి అయ్యాడు. ఎంత గొప్ప! కాని ఏభై దాటాక రక్తపోటు, కీళ్ళవాతం పట్టుకున్నాయి. కడుపులో పుండ్లు ముదిరి, పొట్టలో 40 శాతం కోసి తీసేయవలసి వచ్చింది.

షెర్మన్ జేమ్స్ అనే పరిశోధకుడు 1978లో ఈయనతో మాట్లాడి ఆలోచనలో పడ్డాడు. చేతిలో ఏమీ లేకుండా, అడ్డంకులన్నిటితోనూ ఒంటరిగా పెనుగులాడితే ఒళ్ళు ఎంత వెల చెల్లిస్తుంది? తరువాత చేసిన కొన్ని పరిశీలనల్లో, పట్టుదల ఎక్కువై వనరులు తక్కువైనవారిలో రక్తపోటు హెచ్చుగా కనిపించింది. అన్ని పరిశీలనల్లోనూ ఇదే ఫలితం రాలేదన్నది కూడా నిజం.

ఇది ఎలా జరుగుతుంది? అవమానం జరిగినా, భయం కలిగినా శరీరం పోట్లాటకు సిద్ధమవుతుంది. అడ్రినలిన్ ఊరుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. కాసేపటికి సర్దుకుంటే నష్టం లేదు. రోజూ అదే అయితే ఏళ్ళ తరబడి అరిగేది గుండే. పైగా దిగులుగా ఉన్న మనిషికి నడకమీద, తిండిమీద, మందులమీద శ్రద్ధ పోతుంది. మనసూ గుండే ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2021లో ఒక ప్రకటనలో వివరించింది.

మన కష్టాన్ని వారి కష్టంతో తూచలేము. అయినా మన ఇళ్ళలోని పెద్దలను ఒకసారి చూడండి. ఆసుపత్రి చీటీ ఒక భాషలో, డాక్టరుగారి మాట ఇంకో భాషలో, ఇంట్లో తెలుగు. మనవలు బడి భాషలో గబగబా మాట్లాడుకుంటుంటే తాతగారు వరండాలో మౌనంగా కూర్చుంటారు. అడిగితే "నాకేం, బాగానే ఉన్నాను" అంటారు. ఆ మాటతో మనం తృప్తిపడకూడదు.

పూర్వం బాటల పక్కన తలమీది మూట దించుకునేందుకు నిలువెత్తు రాతి దిమ్మెలు ఉండేవి. తమిళనాట వాటిని సుమైతాంగి అంటారు. మనసుకూ అలాంటిది కావాలి. రోజూ ఒక అరగంట పెద్దవారి దగ్గర కూర్చుని వారి భాషలో మాట్లాడండి. డాక్టరు దగ్గరకు వెంట వెళ్ళి, వారు చెప్పుకోలేనిది మీరు చెప్పండి. దిగులు, నిద్రలేమి, అన్నం సయించకపోవడం రెండు వారాలు దాటితే అదీ చెప్పండి. అది వయసు తెచ్చిన చాదస్తం కాదు, వైద్యం ఉన్న బాధ.

రక్తపోటు చాలామందిలో పైకి ఏ లక్షణమూ చూపదు. అందుకే కొలిపించుకోవాలి. ఒంట్లో బాగుందని మాత్రలు మానకూడదు. మాటలు మందులకు తోడే గాని బదులు కావు. గుండెలో నొప్పి, చెమటలు, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.

గుండెకు జాతి లేదు. దానిమీద పెట్టే బరువులోనే తేడా ఉంది. ఆ బరువులో కొంతైనా దించడం మన చేతుల్లో పని.