మానవుడు – సంస్కృతి



లేగదూడ పుట్టిన కొంతసేపటికే లేచి నిలిచి తల్లి పొదుగును వెదకికొనును. దానికెవ్వరును నేర్పలేదు. మానవశిశువో, మాటాడుట, వడ్డించినది భుజించుట, పెద్దలకు నమస్కరించుట మున్నగు సమస్తమును ఇతరులవలననే నేర్వవలయును. ఇట్లు పుట్టుకతో రాక, సంఘమునందు పెరుగుచు మానవుడు గ్రహించునదే సంస్కృతి. మానవుని దేహమును, భాషను, ప్రాచీనావశేషములను, ఆచారములను పరిశీలించు శాస్త్రమునకు మానవశాస్త్రమని పేరు. దీనినే ఆంత్రోపాలజీ యందురు.

1871వ సంవత్సరమున ఎడ్వర్డ్ టైలర్ అను ఆంగ్లేయ పండితుడు జ్ఞానము, విశ్వాసము, కళ, నీతి, న్యాయము, ఆచారము మొదలుగా సంఘమునందలి మానవుడు ఆర్జించుకొను సమస్తమును కలిసి సంస్కృతి యగునని నిర్వచించెను. ఇందు ‘ఆర్జించుకొను’ అనునదియే కీలకము. 1909లో వాన్ గెనెప్ అను పండితుడు, జీవితమున ఒక దశనుండి మఱియొక దశకు చేర్చు కర్మలయందు ఎడబాటు, మధ్యస్థితి, పునఃప్రవేశము అను మూడు మెట్లుండునని చూపెను. మన వటువు మాతృభోజనముతో బాల్యమును వీడి, గురుకులమున బ్రహ్మచారియై వసించి, సమావర్తనముతో గృహమునకు మరలుట ఇట్టిదే కదా! శాస్త్రజ్ఞుడు కర్మయొక్క ఆకృతిని వివరింపగలడు. దాని ఫలమును అనుష్ఠించువాడే ఎఱుగును.

ఇచట నొక సందేహము కలుగవచ్చును. వేదము అపౌరుషేయము గదా, దానిని మానవసంస్కృతియందు చేర్చుట తగునా? వేదము అపౌరుషేయమే. దానిని నోటినుండి చెవికి అందించు అధ్యయనము మాత్రము మానవకార్యము. ఋగ్వేదమునకు 21, యజుస్సునకు 101, సామమునకు 1000, అథర్వమునకు 9 శాఖలని పతంజలి మహాభాష్యమున తెలిపెను. వేదపఠన సంప్రదాయమును 2003లో యునెస్కో సంస్థ మానవజాతి మౌఖిక వారసత్వమున మేటి నిధిగా ప్రకటించెను. వేయికి మించిన శాఖలలో పదుమూడే మిగిలినవని ఆ సంస్థయే పేర్కొన్నది. తక్కినవానిని ఏ శత్రువు హరించెను? చెప్పువాడుండి వినువాడు లేని తరము ఒక్కటి చాలును, శాఖ మూగవోవుటకు.

మనకు పరంపర యున్నట్లే ఇతరులకును గలదు. బుద్ధిబలమున జాతిభేదము లేదని, భేదమంతయు నేర్చినదానివలననే యని 1911లో ఫ్రాంజ్ బోయాస్ వాదించెను. నల్లమల చెంచులను గూర్చి హైమెన్‌డార్ఫ్ 1943లో గ్రంథము వెలువరించెను. కొండచఱియల తేనెపట్టులను దింపు నేర్పు, దుంపల నెఱుగు జ్ఞానము వారి పెద్దలు బిడ్డల కందించిన విద్యలే. అహోబిల నృసింహుడు చెంచులక్ష్మిని వరించెననియు, శ్రీశైల మల్లికార్జునుడు వారికి చెంచు మల్లయ్య యనియు మన మందఱము చెప్పుకొనుచునే యున్నాము. స్వామి బంధుత్వము నెఱపినవారిని మనము సంస్కారహీనులని తలచుట అపచారము కాదా?

కావున సంస్కృతి రక్తముతో సంక్రమించు ఆస్తి కాదు. ప్రతి తరమును మరల నేర్వవలసిన ఋణము. ఆలయమునకు వచ్చునప్పుడు బిడ్డలను వెంట తోడ్కొని రండు. ఒక స్తోత్రమో, ఒక వ్రతకథయో, సంధ్యావందనమో, మీకు వచ్చినదానిని మీరే కూర్చుండి నేర్పుడు. వారు ‘ఎందుకు?’ అని ప్రశ్నించినచో కసరక, తెలిసినంత చెప్పుడు. తెలియనిదానిని పెద్దల నడిగి వారితో కూడ మీరును నేర్చుకొనుడు. ఋషిఋణము తీరు మార్గమిదియే.

స్వస్తి.