పెరిగే గుఱ్ఱపుపిల్లకు మేత

13వ శతాబ్దం చివరి దశకంలో వెనిస్ నగరవాసి మార్కో పోలో చైనానుండి స్వదేశానికి మరలిపోతూ దక్షిణ భారత తీరాన్ని చూచినాడు. మన మోటుపల్లి దేశాన్ని గురించి, దాన్ని ఏలిన రాణిని గురించి వ్రాసిన యాత్రికుడు ఈయనే. అక్కడికి దక్షిణాన ఉన్న పాండ్యదేశాన్ని వర్ణిస్తూ ఆయన ఒక వింత చెప్పినాడు. అక్కడి రాజులు ఏటా వేలకొలది గుఱ్ఱాలను పడమటి సముద్రంమీదుగా ఓడలలో తెప్పించుకొంటారట. సంవత్సరం తిరిగేసరికి వాటిలో బ్రతికి ఉండేవి బహు కొద్ది. పోనీ అక్కడే పిల్లలను పుట్టించుకొందామంటే, మేలుజాతి గోడిగకు మేలుజాతి మగగుఱ్ఱంవల్ల పుట్టిన పిల్ల కూడ గిడసబారి, కాళ్ళు వంకరపోయి, స్వారీకి పనికిరాకుండా పోతుందట. ఆ దేశంలో గుఱ్ఱాలకు మాంసం, బియ్యం కలిపి వండి పెడతారని కూడ ఆయనే వ్రాసినాడు.

కాళ్ళు వంకరపోవడానికీ, ఈ వంటకానికీ సంబంధం ఉండవచ్చునని మార్కో పోలో అనుకోలేదు. దోషమంతా ఆ దేశపు వాతావరణానిదే అన్నాడు. కాని అదే దక్షిణ దేశంలో, కర్ణాటకలోని కునిగల్‌లో, టిప్పు సుల్తాను నాటినుండి పేరుపొందిన గుఱ్ఱపుసాలలో 20వ శతాబ్దమంతా మేలైన పందెపుగుఱ్ఱాలు పుట్టి పెరిగినవి. ఎండ మారలేదు, వాన మారలేదు. మరి మారినదేమిటి? రోగాలకు మందులు వచ్చినవి, పురుగుల బెడద తగ్గినది, కాదనలేము. అయినా కాళ్ళు వంకరపోవడమనే ఒక్క లక్షణాన్ని పట్టుకొని చూస్తే, అనుమానం మొట్టమొదట మేత మీదికే పోతుంది. ఎందుకో తెలుసుకోవాలంటే పిల్ల పుట్టిననాటినుండి మొదలుపెట్టాలి.

గోడిగ సుమారు 11 నెలలు మోసి ఈనుతుంది. పెద్దయిన తరువాత 500 కిలోలు తూగే జాతిలో పిల్ల పుట్టినప్పుడు 50 కిలోలుంటుంది. మనుష్యుల బిడ్డ బరువు రెండింతలు కావడానికి అయిదు నెలలు పట్టితే, గుఱ్ఱపుపిల్లకు నెలన్నర చాలు. ఆరు నెలలకు 215 కిలోలు, ఏడాదికి 320 కిలోలు అవుతుంది. ఎత్తు ఇంకా వేగంగా పెరుగుతుంది. ఏడాది పిల్ల తన పూర్తి ఎత్తులో తొమ్మిది పాళ్ళు అందుకొంటుంది. అంటే ఇరవై ఏండ్లు బరువు మోయవలసిన కాళ్ళు చాలవరకు మొదటి పన్నెండు నెలలలోనే తయారవుతున్నవి.

మొదటి ఆహారం జున్నుపాలు. మానవశిశువుకు తల్లి రక్తంలోని రోగనిరోధక పదార్థాలు కొన్ని గర్భంలోనే మావిద్వారా చేరుతవి. గుఱ్ఱపు మావి కట్టుబడి వేరు. అది వాటిని దాటనివ్వదు. అందుచేత గుఱ్ఱపుపిల్ల ఏ రక్షణా లేకుండానే నేలమీద పడుతుంది. జున్నుపాలలో ఆ రక్షక పదార్థాలు దండిగా ఉంటవి. అయితే వాటిని చెడకుండా రక్తంలోకి తీసుకొనే శక్తి పిల్ల ప్రేగులకు మొదటి 24 గంటలే ఉంటుంది. అందులోనూ మొదటి ఆరేడు గంటలే ముఖ్యం. ఆ తరువాత ఎంత త్రాగించినా అవి మామూలు ఆహారంగా జీర్ణమై పోవలసినదే. ఆవు విషయం కూడ ఇంతే. దూడ వంతును మనం బెల్లం వేసి వండుకొని తింటాము. గోడిగ పాలతో జున్ను వండే ఆచారం లేకపోవడం గుఱ్ఱపుపిల్ల అదృష్టం.

గోడిగ పాలు పలుచన. క్రొవ్వు రెండు శాతానికి మించదు. పాలచక్కెర మాత్రం ఆరు శాతంపైన ఉంటుంది. ఆవుపాలలో క్రొవ్వు నాలుగు శాతం, గేదెపాలలో ఏడు. తల్లి చనిపోయిన పిల్లకు గేదెపాలు పోసి, విరేచనాలు పట్టుకొంటే దిష్టి తగిలిందనడం న్యాయం కాదు. ఆవుపాలే వెన్న తీసి పోయాలి. తీపి కొరకు గ్లూకోజు కలపాలి గాని పంచదార కలపరాదు. పంచదారను విడగొట్టే ఎంజైము పసిపిల్ల ప్రేగులో ఇంకా తగినంత తయారై ఉండదు.

తల్లి మొదటి నెలలలో రోజుకు 15 లీటర్ల వరకు పాలిస్తుంది. రెండు నెలలు దాటిన తరువాత పాలు తగ్గుముఖం పడతవి. ఈలోగా పిల్ల రెండవ వారంనుండే తల్లిని చూచి గడ్డి కొరకడం నేర్చుకొంటుంది. ఈ రోజులలోనే అది తల్లి లద్దె కూడ తింటుంది. చూచేవారికి రోత పుట్టి తరిమివేస్తారు. తరమనక్కరలేదు. గుఱ్ఱం ఆవువలె నెమరువేసే జంతువు కాదు. గడ్డిలోని పీచును పులియబెట్టి జీర్ణంచేసే సూక్ష్మజీవులు ఆవుకు కడుపు ముందుభాగంలో ఉంటే, గుఱ్ఱానికి ప్రేగుల వెనుకభాగంలో, అంటే అంధనాళంలోనూ పెద్దప్రేగులోనూ ఉంటవి. పుట్టిన పిల్లలో అవి ఉండవు. లద్దెద్వారా తల్లినుండి పిల్లకు అందుతవి. మనం పెరుగుకు తోడు వేయడంవంటిదే ఇది. తల్లికి మాత్రం ముందుగానే పురుగులమందు పట్టించి ఉండాలి.

మూడవ నెలనుండి పాలొక్కటే చాలవు. దాణా అలవాటు చేయాలి. కాని పిల్లకు పెట్టినదంతా తల్లి తినివేస్తుంది. దీనికి లాయంవారు చేసే ఉపాయం సులభమైనది. తల్లి దూరలేని, పిల్ల మాత్రం దూరగల సందు ఉంచి దడి కట్టి, దాణా తొట్టిని దాని లోపల పెడతారు. నాలుగు నెలలకూ ఆరు నెలలకూ మధ్య పాలు మాన్పిస్తారు. అప్పటికి దాణా బాగా అలవాటైన పిల్ల తల్లికొరకు రెండు మూడు రోజులు అరచి ఊరుకొంటుంది. అలవాటు కానిది చిక్కిపోతుంది.

ఇక్కడినుండి అసలు చిక్కు మొదలవుతుంది. కాలి ఎముకలు పొడవు పెరిగేది వాటి చివరలకు దగ్గరగా ఉన్న మృదులాస్థి పలకలలో. ఈ వృద్ధిపలకలలో కణాలు వరుసలు వరుసలుగా పుట్టి, పెద్దవై, వాటిమధ్య కాల్షియం, భాస్వరం కలిసిన లవణం చేరి గట్టిపడి, పిదప నిజమైన ఎముకగా మారతవి. పల్లెలలో మట్టిగోడ పెట్టేవారు ఒక వరుస ఆరనిదే రెండవ వరుస ఎత్తరు. ఎముక కూడ అట్లే లేవవలసి ఉంటుంది. వరుస గట్టిపడడానికి కావలసిన సరుకు తక్కువైనా ప్రమాదమే. ఆరకముందే పై వరుస ఎత్తివేసినా ప్రమాదమే.

ముందు సరుకు సంగతి. పనిచేయకుండా నిలబడి ఉన్న 500 కిలోల పెద్దగుఱ్ఱానికి రోజుకు 20 గ్రాముల కాల్షియం చాలును. అందులో సగం బరువైనా లేని ఆరు నెలల పిల్లకు 38 గ్రాములపైన కావాలని అమెరికా జాతీయ పరిశోధన మండలి 2007లో ప్రకటించిన పట్టికలు చెబుతున్నవి. భాస్వరం సుమారు 21 గ్రాములు కావాలి. మొత్తాలెంత ముఖ్యమో వాటి పాలు కూడ అంత ముఖ్యం. కాల్షియం ఎన్నడూ భాస్వరంకంటె తక్కువ కారాదు. ఒకటిన్నర నుండి రెండు రెట్లుంటే పెరిగే పిల్లకు క్షేమం.

భాస్వరం ఎక్కువైతే ఏమవుతుంది? అది ప్రేగులో కాల్షియం రక్తంలోకి పోకుండా అడ్డుపడుతుంది. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, కండరాలు సరిగా పనిచేయవు. అందుచేత మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు వెంటనే మేల్కొని, లోటు తీర్చడానికి ఎముకలలోని నిల్వను కరిగిస్తవి. ప్రాణం నిలుస్తుంది, ఎముక గుల్లబారుతుంది. దవడ, ముఖం ఎముకలలో ఖాళీ అయినచోట నారవంటి కణజాలం పెరిగి ముఖం ఉబ్బుతుంది. అందుకే దీన్ని ‘పెద్దతల జబ్బు’ అన్నారు. పూర్వం ఐరోపాలో పిండిమరల వారి గుఱ్ఱాలకు ఇది ఎక్కువగా వచ్చేది. మరలో మిగిలే తవుడు ఖర్చులేని మేత కదా!

తవుడు లెక్క విద్యార్థులే చేసి చూడవచ్చును. ఒక కిలో గోధుమతవుడులో సుమారు 1.3 గ్రాముల కాల్షియం, 11.5 గ్రాముల భాస్వరం ఉంటవి. రెండు కిలోలు పెట్టితే పిల్లకు కావలసిన భాస్వరం దానితోనే తీరి, 2 గ్రాములు మిగులుతుంది. కాల్షియం మూడు గ్రాములైనా రాదు. ఇప్పుడు దానికి మూడు కిలోల ఎండు లూసర్న్ గడ్డి చేర్చండి. లూసర్న్ కిలోకు సుమారు 13 గ్రాముల కాల్షియం, 2.5 గ్రాముల భాస్వరం ఇస్తుంది. మొత్తం కాల్షియం 41.6 గ్రాములు, భాస్వరం 30.5 గ్రాములు. తవుడు అంతే ఉన్నది, పాళ్ళు మాత్రం నిలబడినవి.

ఇప్పుడు పాండ్యదేశపు వంటకం చూతము. నూరు గ్రాముల బియ్యంలో కాల్షియం 10 మిల్లీగ్రాములు, భాస్వరం సుమారు 160. మాంసంలో కూడ భాస్వరం కాల్షియంకంటె పదిహేను, ఇరవై రెట్లు ఉంటుంది. ఎందుకంటే జంతువుకున్న కాల్షియమంతా ఎముకలో ఉన్నది గాని కండలో లేదు. అన్నంలో అన్నం, దానిలో మాంసం. లోటు తీర్చేది రెండింటిలో ఒక్కటీ లేదు. ఏడువందల ఏండ్లనాటి పిల్లలను ఇప్పుడు పరీక్షించలేము గాని, కాళ్ళు వంకరపోవడానికి ఇంతకంటె తగిన మేతను కోరి తయారుచేయడం కష్టం.

దీనికి విరుగుడు ఆ దక్షిణదేశపు మెట్టచేలలోనే పండుతున్నది. అవి ఉలవలు. నూరు గ్రాముల ఉలవలలో కాల్షియం సుమారు 280 మిల్లీగ్రాములు, భాస్వరం సుమారు 300. రెండూ ఇంచుమించు సమానం. చాల ధాన్యాలలో ఇది కనబడదు. మాంసకృత్తులు 22 శాతం. పైగా ధాన్యాల మాంసకృత్తులలో కొరవడే లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పుజాతి గింజలలో సమృద్ధి. పెరిగే గుఱ్ఱపుపిల్లకు మొట్టమొదట తక్కువపడేది ఈ లైసినే. అది లేకపోతే మిగిలిన మాంసకృత్తులు ఎన్ని ఉన్నా కండ పెరగదు. పచ్చి ఉలవలలో మాంసకృత్తులు అరగకుండా అడ్డుపడే పదార్థం ఒకటి ఉన్నది. ఉడికిస్తే అది నశిస్తుంది. జట్కా బళ్ళ కాలంలో ఉలవలు ఉడికించి గుగ్గిళ్ళు పెట్టిన సాయిబులకు రసాయనశాస్త్రం తెలియదు గాని, పద్ధతి సరిగ్గా తెలుసును.

గడ్డి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. సెటేరియా, బఫెల్ మొదలయిన కొన్ని ఉష్ణదేశపు గడ్డిజాతులలో ఆక్జలేటు అనే పదార్థం ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టుకొని కరగకుండా చేస్తుంది. ఆవు మొదటి కడుపులోని సూక్ష్మజీవులు దాన్ని ముందే విడగొట్టివేస్తవి గనుక ఆవుకు అంత భయం లేదు. గుఱ్ఱానికి ఆ సూక్ష్మజీవులున్నది వెనుకప్రేగులో; కాల్షియం రక్తంలోకి పోయేది ముందున్న చిన్నప్రేగులో. విడుదలయ్యేసరికి సమయం మించిపోతుంది. ఆస్ట్రేలియాలో చూడటానికి పచ్చగా, మోకాలిలోతు గడ్డిలో మేసిన గుఱ్ఱాలకు కూడ పెద్దతల జబ్బు వచ్చింది ఈ కారణంచేతనే.

ఇంతవరకు లోటు సంగతి. నేటి గుఱ్ఱపుసాలలలో ఎక్కువగా కనబడేది దీనికి ఎదురైన తప్పు. పందెపుగుఱ్ఱాలను ఏడాది వయస్సులో అమ్ముతారు. కొనేవాడి కంటికి నున్నగా, బలిసి ఉన్న పిల్ల ముందు ఆనుతుంది. అందుచేత ఓట్సు, మొక్కజొన్నలు దండిగా పెట్టి తొందరగా పెంచుతారు. ఒంటిబరువు ముందు పెరుగుతుంది, మృదులాస్థి గట్టిపడడం వెనుకబడుతుంది. ఆరని గోడమీద పై వరుస ఎత్తినట్లే. ఆరు నెలలలోపు పిల్లకు గిట్టకు పైనున్న కీలువద్ద, ఏడాది దాటిన పిల్లకు ముందుకాలి మోకాలివద్ద వాపు, నొప్పి కనబడతవి. కొన్నిటిలో కీలులోపలి మృదులాస్థి పెచ్చులుగా ఊడిపోతుంది.

ఈ దోషాన్ని చాలకాలం మాంసకృత్తులమీద వేసినారు. జబ్బు కనబడగానే పప్పుదినుసులు మానివేసి, ధాన్యం మాత్రం కొనసాగించేవారు. 1993లో ఆస్ట్రేలియాలో ప్రకటితమైన పరిశోధనలు ఈ అభిప్రాయాన్ని తలక్రిందులు చేసినవి. శక్తినిచ్చే మేత అవసరానికి సుమారు మూడో వంతు మించి తిన్న పిల్లల మృదులాస్థిలో లోపాలు విరివిగా కనబడినవి. మాంసకృత్తులు ఎక్కువ తిన్నవాటిలో అట్లా కనబడలేదు. పిండిపదార్థాలు ఒక్కసారిగా ఎక్కువ తింటే రక్తంలో పెరిగే ఇన్సులిను మృదులాస్థి కణాల పరిపాకాన్ని ఆలస్యం చేస్తుందని శాస్త్రజ్ఞుల ఊహ. దాణాను రెండు మూడు పూటలుగా విడదీసి పెట్టమనడం ఇందుకే. జబ్బు కనబడితే తగ్గించవలసినది ధాన్యం. లైసిన్, ఖనిజాలు కాదు.

మన దేశంలో మరొక ప్రమాదం ఋతువులవల్ల వస్తుంది. వేసవిలో మేత లేక పిల్ల ఎదుగుదల ఆగిపోతుంది. వానలు పడగానే పచ్చిక, దానికి తోడు ‘పాపం చిక్కిపోయింది’ అని రెట్టింపు దాణా. ఆగిన ఎముకలు ఒక్క ఊపున లేస్తవి. నిలకడగా కొంచెం తక్కువ పెరిగిన పిల్లకంటె ఇట్లా ఆగి ఉరికిన పిల్లకే కాళ్ళ జబ్బులు ఎక్కువ. కొరత ఉన్న నెలలలో కొంత ఎండుగడ్డి, గుప్పెడు ఉలవలు దాచి ఉంచుకొనడం తరువాత పెట్టే బస్తా ఓట్సుకంటె మేలు. అరచేయి ప్రక్కన ఆనించి రాస్తే ప్రక్కటెముకలు తగలాలి. దూరంనుండి చూస్తే కనబడరాదు.

పందెపుగుఱ్ఱాలకు భారతదేశంలో జనవరి 1 అందరికీ ఒకే పుట్టినరోజు. ఏప్రిల్‌లో పుట్టిన పిల్ల కూడ పందెపు లెక్కలో జనవరి పిల్లతో సమానం. హైదరాబాదు మలక్‌పేట మైదానంలో రెండేండ్లవాటి పందెం అంటే, అందులో కొన్నిటికి నిజంగా రెండేండ్లు నిండి నెలలే అయి ఉంటుంది. ముందుకాలి మోకాలికి పైనున్న ఎముక క్రింది చివర మాత్రం ఇంచుమించు రెండున్నర ఏండ్లకు గాని పూర్తిగా గట్టిపడదు. అందుచేత జాగ్రత్తగల పశువైద్యులు పందెపు శిక్షణ పెంచేముందు మోకాలికి ఎక్స్‌రే తీస్తారు. ఆ చిత్రంలో ఎముక చివర అడ్డంగా సన్నని నల్లగీత కనబడితే, వృద్ధిపలక ఇంకా మూసుకోలేదన్నమాట.