ఓడినా వీడని అభిమానం: హిరోషిమా బేస్‌బాల్ జట్టు కథ చెబుతున్నదేమిటి?

జపాన్‌లోని హిరోషిమా టోయో కార్ప్ బేస్‌బాల్ జట్టు 2015లో తన లీగ్‌లోని ఆరు జట్లలో నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. ఆ జట్టు లీగ్ విజేతగా నిలిచి అప్పటికి 24 ఏళ్లు గడిచాయి. అయినా సొంత మ్యాచ్‌లకు వచ్చిన ప్రేక్షకుల సంఖ్య, జట్టు చరిత్రలో తొలిసారిగా, ఆ ఏడాదే 20 లక్షలు దాటింది. హిరోషిమా నగర జనాభా దాదాపు 12 లక్షలు మాత్రమే. గెలుపును బట్టే అభిమానం పెరుగుతుందని, ఓటమిని బట్టే తరుగుతుందని అనుకుంటే ఈ లెక్క కుదరదు.

తరచూ ఓడిపోయే ప్రాంతీయ జట్టును జనం ఎందుకు వదిలిపెట్టరన్న ప్రశ్న బేస్‌బాల్ ఆడే దేశాలన్నింటిలోనూ వినిపిస్తుంది. అమెరికాలోని షికాగో కబ్స్ జట్టు 1908లో వరల్డ్ సిరీస్ గెలిచిన తర్వాత మళ్లీ గెలవడానికి 2016 దాకా, అంటే 108 ఏళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో తాతలు, తండ్రులు, మనవలు ఒకే జట్టు టోపీ పెట్టుకుని ఎదురుచూశారు. ఈ విధేయతకు మూలమేమిటో తెలుసుకోవడానికి హిరోషిమా కంటే స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

గెలిస్తే ‘మనం’, ఓడితే ‘వాళ్లు’

అమెరికా సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ సియాల్డినీ, ఆయన సహచరులు 1976లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ అంశంలో నేటికీ ప్రస్తావనకు వస్తుంది. ఏడు విశ్వవిద్యాలయాల విద్యార్థులను వారు పరిశీలించారు. తమ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు వారాంతంలో గెలిస్తే, సోమవారం నాడు విశ్వవిద్యాలయం పేరున్న దుస్తులు ధరించి వచ్చేవారు ఎక్కువయ్యారు. గెలుపు గురించి చెప్పేటప్పుడు విద్యార్థులు ‘మనం’ అనే మాటను ఎక్కువగా వాడారు. ఇతరుల విజయపు వెలుగులో తామూ కాస్త మెరవాలనుకోవడం మనిషి సహజ గుణమని ఈ అధ్యయనం చూపింది.

అయితే ఇది సగం సమాధానమే. మెరుపు కోసమే అయితే ఓడిన సోమవారం దుస్తులతో పాటు అభిమానం కూడా అల్మారాలోకి వెళ్లిపోవాలి. చాలామంది విషయంలో అలా జరగదు. మిగతా సగానికి 1959లో ఎలియట్ ఆరన్‌సన్, జడ్సన్ మిల్స్ చేసిన ప్రయోగం కొంత దారి చూపుతుంది. ఒక బృందంలో చేరడానికి ఎక్కువ ఇబ్బంది పడినవారు, ఆ బృందం సాదాసీదాదే అయినా దాన్ని ఎక్కువగా ఇష్టపడ్డారని ఆ ప్రయోగంలో తేలింది. దేనికోసం కష్టపడతామో దానిమీద మమకారం పెరుగుతుంది. హిరోషిమాలో జరిగింది ఒక నగరం మొత్తానికి ఇదే అనుభవం.

శిథిలాల మధ్య పుట్టిన జట్టు

1945 ఆగస్టు 6న పడిన అణుబాంబు హిరోషిమాను నేలమట్టం చేసింది. ఆ ఏడాది చివరికి మృతుల సంఖ్య దాదాపు 1.4 లక్షలకు చేరిందని అంచనా. నాలుగేళ్ల తర్వాత, 1949లో, నగరానికి ఒక ప్రొఫెషనల్ బేస్‌బాల్ జట్టు ఏర్పడింది. జపాన్ ప్రొఫెషనల్ బేస్‌బాల్ అప్పుడే సెంట్రల్, పసిఫిక్ అనే రెండు లీగ్‌లుగా విడిపోతోంది. కొత్త జట్లకు చోటు దొరికిన సమయమది. హిరోషిమా కోటకు పూర్వం నుంచి ‘కార్ప్ కోట’ అనే పేరుంది. కార్ప్ అంటే మన చెరువుల్లో పెంచే బంగారుతీగ జాతి చేప. బాంబు దాడిలో కూలిపోయిన ఆ కోట పేరే కొత్త జట్టుకు దక్కింది.

జపాన్‌లో ప్రొఫెషనల్ జట్ల వెనుక సాధారణంగా ఒక పెద్ద సంస్థ ఉంటుంది. టోక్యోకు చెందిన జెయింట్స్ వెనుక యోమియురి పత్రికా సంస్థ, ఒసాకా-కోబే ప్రాంతానికి చెందిన టైగర్స్ వెనుక హాన్షిన్ రైల్వే సంస్థ ఉన్నాయి. కార్ప్‌కు అలాంటి అండ లేదు. హిరోషిమా ప్రిఫెక్చర్, అందులోని నగరాలు, స్థానిక సంస్థలు కలిసి నిధులు సమకూర్చాలన్నది నాటి ప్రణాళిక. ఆ నిధులు సకాలంలో రాలేదు. 1950లో తొలి సీజన్‌లో జట్టు అట్టడుగున నిలిచింది. ఆటగాళ్ల జీతాలు ఆలస్యమయ్యాయి. 1951 నాటికి జట్టును మరో జట్టులో విలీనం చేయాలనే ప్రతిపాదన ముందుకొచ్చింది.

అప్పటి మేనేజర్ షూయిచి ఇషిమోతో హిరోషిమా వాసి. అభిమాన సంఘాలు పెట్టి జట్టును కాపాడుకోవాలని ఆయన ప్రజలకు పిలుపునిచ్చారు. మైదానం ద్వారం దగ్గర ఖాళీ సాకే మద్యం పీపాలు ఉంచారు. అణుబాంబు గాయాల నుంచి ఇంకా కోలుకోని ప్రజలు, తమ ఇళ్లు తామే తిరిగి కట్టుకుంటున్న రోజుల్లో, ఆ పీపాల్లో నాణేలు, నోట్లు వేశారు. విలీనం ఆగింది. జపాన్ బేస్‌బాల్ చరిత్రలో ‘పీపా విరాళం’గా ఈ ఘట్టం నిలిచిపోయింది.

ఆ నాణేలు జట్టును గెలిపించలేదు. కానీ ఆ తర్వాత జట్టు ఎవరిదన్న ప్రశ్నకు హిరోషిమాలో సందేహం మిగల్లేదు. టికెట్ కొన్నవాడు ప్రేక్షకుడు. నచ్చకపోతే మరోసారి రాకుండా ఊరుకోవచ్చు. పీపాలో నాణెం వేసినవాడు మాత్రం ఓటమిలోనూ వాటాదారుడే.

పావు శతాబ్దపు నిరీక్షణ

1957లో నగరం నడిబొడ్డున, అణుబాంబుకు గుర్తుగా మిగిలిన గుమ్మటం ఎదుట, స్థానిక వ్యాపార సంస్థల విరాళాలతో కొత్త స్టేడియం వెలిసింది. రాత్రివేళ ఒకవైపు దీపాల వెలుగులో ఆట, మరోవైపు చీకట్లో శిథిల గుమ్మటం కనిపించేవి. 1968లో మాజ్దా కార్ల సంస్థకు పూర్వరూపమైన టోయో కోగ్యో ప్రాయోజకత్వంతో జట్టు పేరులో ‘టోయో’ చేరింది. ఆ ఏడాదే జట్టు తొలిసారి లీగ్‌లో పైసగానికి చేరి మూడో స్థానం పొందింది. ఆ తర్వాత మళ్లీ పతనం. 1972, 1973, 1974లలో వరుసగా మూడేళ్లు చివరి స్థానమే.

1975లో మేనేజర్‌గా వచ్చిన అమెరికన్ జో లూట్జ్ జట్టు టోపీ రంగును ఎరుపుకు మార్చారు. అంపైర్లతో వివాదం కారణంగా ఆయన సీజన్ ఆరంభంలోనే తప్పుకున్నా, తకేషి కోబా నాయకత్వంలో జట్టు దూసుకుపోయింది. 1975 అక్టోబరు 15న టోక్యోలో జెయింట్స్‌ను ఓడించి తొలిసారి సెంట్రల్ లీగ్ విజేతగా నిలిచింది. హిరోషిమా శాంతి మార్గంలో జరిగిన విజయ యాత్రకు సుమారు 3 లక్షల మంది తరలివచ్చారు. కొందరి చేతుల్లో చనిపోయిన ఆప్తుల చిత్రపటాలు ఉన్నాయి. ఈ గెలుపును చూడాల్సినవారు, చూడకుండానే పోయినవారు ఆ నగరంలో ఎందరో.

ఒక జట్టు పట్ల విధేయత కుటుంబాల్లో ఎలా కొనసాగుతుందో ఆ చిత్రపటాలు చెబుతాయి. పిల్లలకు జట్టు గురించి తెలిసేది ముందుగా ఇంట్లోవారి నుంచే. ఆటలో ఓనమాలు నేర్పినవారిని తలచుకోవడం, జట్టును తలచుకోవడం ఒకటైపోతాయి. జట్టు మారడమంటే ఆ జ్ఞాపకాలకు దూరం కావడమే.

బేస్‌బాల్ స్వభావం కూడా ఇందుకు తోడ్పడుతుంది. జపాన్‌లో ఒక్కో జట్టు ఏటా 143 మ్యాచ్‌లు ఆడుతుంది. వసంతం మొదలు శరదృతువు దాకా వారంలో దాదాపు ప్రతి రోజూ ఆట ఉంటుంది. అగ్రస్థానంలో నిలిచే జట్టు కూడా ఒక సీజన్‌లో పదుల సంఖ్యలో మ్యాచ్‌లు ఓడుతుంది. కాబట్టి బేస్‌బాల్ అభిమానికి ఓటమి అపూర్వ విషాదం కాదు. వాతావరణ సమాచారంలా దైనందిన జీవితంలో భాగం. నిన్న ఓడినా నేడు మళ్లీ ఆట ఉంటుంది.

వెళ్లినవారు, తిరిగి వచ్చినవారు

1979, 1980, 1984లలో కార్ప్ జపాన్ సిరీస్ గెలిచింది. 1991లో మరోసారి లీగ్ విజేత అయ్యింది. కానీ 1993లో జపాన్‌లో ఫ్రీ ఏజెంట్ విధానం వచ్చింది. నిర్ణీత కాలం ఆడిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుకు వెళ్లే హక్కు పొందాడు. సంపన్న జట్లతో పోటీపడే ఆర్థిక బలం కార్ప్‌కు లేదు. తాను తీర్చిదిద్దిన ఆటగాళ్లను ఒకరి తర్వాత ఒకరిని వదులుకోవాల్సి వచ్చింది. హిరోషిమాలోనే పుట్టిన తొమోఆకి కనెమోతో, తకహిరో అరాయ్ ఇద్దరూ హాన్షిన్ టైగర్స్‌కు వెళ్లిపోయారు. 1998 నుంచి 2012 దాకా వరుసగా 15 సీజన్లు జట్టు లీగ్ కింది సగంలోనే ఉండిపోయింది.

ఆ కాలంలో స్టేడియానికి వచ్చేవారి సంఖ్య తగ్గింది. విధేయత అంటే రోజూ మైదానానికి రావడం కాదనడానికి ఇది నిదర్శనం. అది నివురుగప్పిన నిప్పులా ఉండి, కారణం దొరికినప్పుడు రాజుకుంటుంది. కొత్త స్టేడియం నిర్మించాలన్న ఆలోచన వచ్చినప్పుడు హిరోషిమాలో విరాళాల పీపాలు మళ్లీ బయటికొచ్చాయి. 2009లో మాజ్దా స్టేడియం ప్రారంభమైంది.

పిచర్ హిరోకి కురోదా పుట్టింది ఒసాకాలో. 2006లో ఆయనకు ఫ్రీ ఏజెంట్ హక్కు వచ్చినప్పుడు, ఆయన వెంట తాము ఉంటామని తెలిపే భారీ బ్యానర్‌ను అభిమానులు స్టేడియంలో కట్టారు. ఆ ఏడాది ఆయన ఆగిపోయారు. తర్వాత అమెరికా వెళ్లి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు, న్యూయార్క్ యాంకీస్‌కు ఏడు సీజన్లు ఆడారు. 2015లో, 40 ఏళ్ల వయసులో, అమెరికాలో లభించే దానికంటే చాలా తక్కువ వేతనానికి హిరోషిమాకు తిరిగి వచ్చారు. అదే ఏడాది అరాయ్ కూడా పాత జట్టుకు చేరారు. ప్రత్యర్థి దుస్తుల్లో వచ్చినప్పుడు ఆయనను ఎగతాళి చేసిన ప్రేక్షకులే చప్పట్లతో స్వాగతించారు. జట్టు నాలుగో స్థానంలో నిలిచినా ప్రేక్షకుల సంఖ్య 20 లక్షలు దాటిన సంవత్సరం ఇదే. తాము ఇచ్చినదాన్ని జట్టు వైపు నుంచి ఒకరు గుర్తుపెట్టుకున్నారన్న భావన, పతకాల పట్టిక ఇవ్వలేనిదాన్ని ఇచ్చింది.

2016 సెప్టెంబరు 10న టోక్యో డోమ్‌లో కురోదా పిచింగ్ చేసిన మ్యాచ్‌లో కార్ప్ గెలిచి, 25 ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్ సాధించింది. అరాయ్ ఆ ఏడాది లీగ్ అత్యుత్తమ ఆటగాడు. కురోదా ఆ సీజన్‌తోనే ఆట నుంచి తప్పుకున్నారు. ఆయన ధరించిన 15వ నంబరును జట్టు ఇక ఎవరికీ ఇవ్వరాదని నిర్ణయించింది.

ఊరు దాటిన అభిమానం

ప్రాంతీయ జట్టు అభిమానులంతా ఆ ప్రాంతంవారే కానక్కర్లేదు. కార్ప్‌ను ఆదరించే మహిళలను సూచించే ‘కార్ప్ జోషి’ అనే మాట 2014లో జపాన్‌లో ఆ ఏటి పది మేటి నూతన పదాల్లో చోటు సంపాదించింది. వారిలో చాలామంది టోక్యో పరిసరాల్లో ఉండేవారు. మహానగరంలో స్థిరపడిన హిరోషిమా వాసులకు ఎరుపు టోపీ సొంతూరి ఆనవాలు. హిరోషిమాతో ఏ సంబంధమూ లేనివారికి అది చక్కని కథ ఉన్న ఊరిని తమదిగా ఎంచుకునే అవకాశం. పుట్టుకతో వచ్చినా, ఎంచుకున్నా, జట్టుకు ఒక స్థలం, ఆ స్థలానికి ఒక కథ ఉండటమే ఇక్కడ కీలకం.

ఏకపక్ష విధేయత మాటేమిటి?

అభిమానుల విధేయతకు మరో ముఖం కూడా ఉంది. జనం ఎలాగూ వస్తారన్న ధీమా ఉంటే, జట్టును మెరుగుపరచాల్సిన అవసరం యజమానికి కనిపించకపోవచ్చు. అమెరికాలో జట్టు ఒక యజమాని ఆస్తి. లీగ్ అనుమతిస్తే దాన్ని మరో నగరానికి తరలించవచ్చు. బ్రూక్లిన్‌లో పుట్టిన డాడ్జర్స్ జట్టు 1957 సీజన్ తర్వాత లాస్ ఏంజెలెస్‌కు వెళ్లిపోయింది.

ఓక్‌లాండ్ అనుభవం మరీ ఇటీవలిది. 1968 నుంచి ఆ నగరంలో ఉన్న అథ్లెటిక్స్ జట్టు అక్కడ నాలుగు వరల్డ్ సిరీస్‌లు గెలిచింది. జట్టును లాస్ వేగాస్‌కు తరలించే ప్రయత్నాలు సాగుతుండగా, 2023 జూన్ 13న అభిమానులు వినూత్న నిరసన చేపట్టారు. మైదానాన్ని బహిష్కరించడానికి బదులు దాన్ని నింపారు. సాధారణంగా ఖాళీగా కనిపించే స్టేడియానికి ఆ రోజు 27,759 మంది వచ్చారు. జట్టును అమ్మేయాలని యజమానిని డిమాండ్ చేస్తూ నినాదాలు చేశారు. తాము లేకపోవడం వల్ల జట్టు వెళ్లిపోవడం లేదని చాటడమే వారి ఉద్దేశం. ఫలితం దక్కలేదు. 2024 సెప్టెంబరు 26న ఓక్‌లాండ్‌లో ఆఖరి మ్యాచ్ జరిగింది. 46,889 మంది వచ్చి వీడ్కోలు చెప్పారు.

హిరోషిమా వాసుల ప్రేమ గొప్పది, ఓక్‌లాండ్ వాసులది తక్కువ అని ఈ రెండు ఉదాహరణల నుంచి అర్థం చేసుకోకూడదు. తేడా అభిమానంలో లేదు. నిర్ణయాధికారం ఎవరి చేతుల్లో ఉందన్నదాంట్లో ఉంది. కార్ప్ కూడా నేడు ప్రైవేటు సంస్థే. మాజ్దా వ్యవస్థాపక కుటుంబానికి, ఆ సంస్థకు అందులో ప్రధాన వాటాలున్నాయి. అయితే ఆ కుటుంబమూ, ఆ సంస్థా హిరోషిమావే. నగరంతో ముడిపడిన యాజమాన్యం నగరాన్ని వదిలే నిర్ణయం తీసుకోవడం తేలిక కాదు.

2016, 2017, 2018లలో వరుసగా లీగ్ గెలిచినా, 1984 తర్వాత కార్ప్‌కు జపాన్ సిరీస్ కిరీటం మళ్లీ దక్కలేదు. 1951లో పీపాలో నాణెం వేసినవారికి రశీదు గానీ, వాటా పత్రం గానీ అందలేదు. వారు కోరుకున్నది జట్టు తమ ఊళ్లోనే ఉండాలని. ఏడు దశాబ్దాలు దాటినా అది అక్కడే ఉంది.