ప్రమాదకరమైన సరకుల లారీలు - తనిఖీలో వ్రాయబడు తప్పులు

సహకార సంఘములు పురుగుమందులను, ధాన్యపు గిడ్డంగులలో నుంచు విషవాయువు బిళ్ళలను పట్టణములనుండి లారీలమీద తెప్పించుకొనుట నేడు సర్వసామాన్యమైనది. త్రోవలో రవాణాశాఖవారుగాని పోలీసువారుగాని బండిని నిలిపి పరిశీలించి, లోపమున్నచో చలానా వ్రాసి యిత్తురు. అది డ్రైవరు తంటాయే గాని మనకు సంబంధించినది కాదని పెక్కుమంది సభ్యులు తలంచుచున్నారు. ఇది పొరపాటు. తనిఖీలో బయటపడు లోపములు చాలవరకు సరకు ఎక్కించుచోటనే పుట్టుచున్నవి. వానిని అచ్చటనే సరిదిద్దుకొనవచ్చును. కావున ఈ విషయమును డ్రైవర్లకే గాక సంఘసభ్యులకును తెలియునట్లు వివరింప నెంచితిమి.

ఈ కట్టుబాట్లు ఏల?

1958వ సంవత్సరమున కేరళమునందును మద్రాసు రాష్ట్రమునందును పెరాథియాన్ అను పురుగుమందు సోకిన ఆహారము తిని నూరుమందికి పైగా మరణించిరి. వారెవ్వరును పొలములో మందు చల్లినవారు కారు. రవాణాలో మందు కారి తిండిసరకులో కలిసినందున ఇంట కూర్చుండి అన్నము తినువారికి ఆ ఆపద సంభవించినది. దానిపై విచారణ జరిగిన పిమ్మట 1968లో పురుగుమందుల చట్టమును, 1971లో దాని నిబంధనలును వచ్చినవి. పురుగుమందు ఆహారపదార్థములనుగాని పశువుల మేతనుగాని తాకునట్లు రవాణా చేయరాదని ఆ నిబంధనలు శాసించుచున్నవి.

లారీలకు సంబంధించిన కట్టుబాట్లు 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమునందును, 1989వ సంవత్సరపు కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 129 మొదలు 137 వరకును గలవు. యూరియా ఈ వర్గములోనిది కాదు. విషపదార్థములు, త్వరగా మండు ద్రవములు, ఒత్తిడిలో నుంచిన వాయువులు, ప్రేలుడు పదార్థములు మొదలగునవి ఈ వర్గములోనివి. మీరు కొను మందు ఇందులోనిదో కాదో అమ్మువానిని అడిగి వ్రాతమూలకముగ తెలిసికొనుడు.

సాధారణముగ పట్టుబడు లోపములు

1. బండిపై గుర్తు లేకుండుట. సరకు ఏ తరగతిదో తెలుపు వజ్రాకారపు గుర్తును, సరకు పేరును, ఆపదలో పిలువవలసిన ఫోను నంబర్లను చూపు పలకను బండికి అమర్చవలెను. విషమునకు తెల్లని గుర్తుపై పుఱ్ఱె బొమ్మయు, మండు ద్రవమునకు ఎఱ్ఱని గుర్తుపై మంట బొమ్మయు నుండును. గుర్తు దుమ్ముతో మాసిపోయినను, టార్పాలిన్‌తో కప్పబడినను లేనిదానితో సమానమే.

2. డ్రైవరు అర్హత. ప్రమాదకరమైన సరకుల బండిని నడపువాడు మామూలు లైసెన్సుతో పాటు మూడు దినముల ప్రత్యేక శిక్షణలో ఉత్తీర్ణుడైన పత్రమును గలిగి యుండవలెను. ఒక భారతీయ భాషయు ఇంగ్లీషును చదువను వ్రాయను రావలెను. 2019 సవరణానంతరము రవాణా బండ్ల లైసెన్సునకు గడువు ఐదేండ్లు. ప్రమాదకరమైన సరకుల అనుమతికి మాత్రము మూడేండ్లే. మొదటిది చెల్లుచున్నదను ధైర్యముతో రెండవదానిని మఱచువారు గలరు.

3. ఆపద కార్డు లేకుండుట. దీనిని ట్రెమ్ కార్డు అందురు. సరకు స్వభావము, దానివలని హాని, కారినను మండినను చేయవలసిన పని ఇందులో నుండును. ఇది డ్రైవరు గదిలో ఎల్లప్పుడు చేతికందునట్లు ఉండవలెను. దీని విలువ ఒక్క యుదాహరణముతో తెలియగలదు. గిడ్డంగులలో వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలకు తడి తగిలినచో ఫాస్ఫీన్ అను విషవాయువు వెలువడును. అది తానే మండగలదు. బండిలో పొగ కనబడినంతనే నీళ్ళు చల్లుట మనకు స్వభావము. ఈ సరకు విషయమున ఆ నీళ్ళే ప్రాణము తీయును. ఈ సంగతి తెలియనివానికి తెలుపుటకే ఆ కార్డు.

4. పరికరముల కొఱత. మంటలార్పు సాధనము, ప్రథమచికిత్స పెట్టె, ఇంజను పొగగొట్టమునుండి నిప్పురవ్వలు రాకుండ ఆపు సాధనము బండిలో నుండవలెను.

5. బండిని విడిచిపోవుట. నిలిపిన బండి నిప్పు మొదలగు అపాయములకు దూరముగ నుండవలెను. డ్రైవరుగాని, పదునెనిమిదేండ్లు దాటిన సమర్థుడైన వేఱొకడుగాని దానిని కనిపెట్టుకొని యుండవలెను. క్లీనరు కుఱ్ఱవానిని కాపుంచి భోజనమునకు పోవుట చెల్లదు.

6. కలగలుపు సరకు. లారీలో చోటున్నదని మందుపెట్టెల ప్రక్కనే తవుడు బస్తాలను, బియ్యమును వేయించుట మన గ్రామములలో తఱచు జరుగుచున్నది. బాడుగ కలిసివచ్చునను ఆశయే దీనికి కారణము. పైజెప్పిన 1958 నాటి విపత్తు పుట్టినది ఇట్టి కలగలుపులోనే.

శిక్ష ఎవరికి?

చట్టములోని 190వ సెక్షను మూడవ ఉపసెక్షను ప్రకారము మొదటి తప్పునకు పదివేల రూపాయల జుల్మానా, మూడు నెలలు లైసెన్సు పొందుటకు అనర్హత, లేదా ఒక యేడాదివరకు జైలు, లేదా రెండును విధింపబడును. మరల చేసినచో ఇరువదివేల రూపాయలు, లేదా మూడేండ్లవరకు జైలు, లేదా రెండును. ఇందు సభ్యులు ముఖ్యముగ గమనింపవలసిన మాట యొకటి గలదు. బండిని నడపినవాడే గాక నడపించినవాడును, నడపనిచ్చినవాడును శిక్షార్హులే. సరకు పంపువారి విధులను 131వ నిబంధనయు, బండి యజమాని విధులను 132వ నిబంధనయు, డ్రైవరు విధులను 133వ నిబంధనయు వేఱ్వేఱుగ చెప్పుచున్నవి. సంఘమే బండిని పెట్టినపుడు యజమాని భారము సంఘముదే. మూడు మాసములు లైసెన్సు పోయిన డ్రైవరు ఇంట పొయ్యి వెలుగుట కష్టము. మందు వేళకు చేరని రైతు పంటకును నష్టమే.

చలానా వ్రాసినపుడు

అధికారితో వాదులాడరాదు. ఏ సెక్షను క్రింద, ఏ లోపమునకు, ఏ చోట, ఏ వేళ వ్రాసినారో చదివి తెలిసికొని, ప్రతిని భద్రపఱచి యజమానికి వెంటనే తెలుపవలెను. లైసెన్సు, రిజిస్ట్రేషను మొదలగు పత్రములను ప్రభుత్వ డిజిలాకరు ద్వారా ఫోనులో చూపినను చెల్లును. లోపము లేకయే వ్రాసిరని తోచినచో అధికారులయెదుట విన్నవించుకొను హక్కు గలదు. అయితే కార్డు లేని బండిని, కారుచున్న డబ్బాను సరిచేయక ముందునకు సాగించుట మాత్రము తగదు. జుల్మానా చెల్లించినంత మాత్రమున విషము కారుట మానదు గదా. ప్రమాదము జరిగినచో సమీపపు పోలీసుస్టేషనునకును బండి యజమానికిని తత్‌క్షణమే తెలుపుట డ్రైవరు విధి.

సంఘములకు మా సూచన

మందు తెప్పించు ప్రతి సంఘమును ఎక్కించుచోటికి ఒక సభ్యుని పంపవలెను. అతడు చూడవలసినవి కొలదియే. డబ్బాల మూతలు గట్టిగ నున్నవా? బండిపై గుర్తు కనబడుచున్నదా? కార్డు డ్రైవరు చేతికిచ్చి, అతనికి అర్థమైనదో లేదో అడిగినారా? అతని శిక్షణపత్రము గడువు దాటలేదు గదా? తినుసరకేదియు అదే బండిలో లేదు గదా? వీనిలో ఒక్కదానికైనను సరియైన జవాబు రానిచో బండిని కదలనీయరాదు. ఈ పని అరగంటలో ముగియును. కావున రాబోవు పాలకవర్గ సమావేశములో దీనిని తీర్మానముగ వ్రాసికొని, ఆ సభ్యుని పేరును అప్పుడే నిర్ణయించుట మంచిది.