సెప్టెంబర్ 28 లోపు విమానం ఎక్కాలా?

విజయవాడలో ఒక కుర్రాడు ఉన్నాడనుకుందాం. ముప్పై ఏళ్లు. సొంతంగా సాఫ్ట్‌వేర్ పని చేసిపెడతాడు. ముగ్గురు అమెరికా క్లయింట్లు, అందరి దగ్గరా కలిపి నెలకు 2,500 డాలర్లు. పైన బాస్ లేడు, వెళ్లాల్సిన ఆఫీసు లేదు. అలాంటప్పుడు బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఎందుకు మగ్గాలి, థాయ్‌లాండ్‌లో చియాంగ్ మాయ్ వెళ్లి ఉండొచ్చు కదా అన్నది అతని ఆలోచన. ఆ వెంటనే ఇంకో మాట కలుపుతాడు: "పన్ను కూడా మిగులుతుంది కదండీ."

వెళ్లడానికి అడ్డు చెప్పేదేమీ లేదు. మిగులుతుందన్న మాట దగ్గరే కాగితం, పెన్ను తీయాల్సి వస్తుంది.

మన పెద్దలకు దేశదిమ్మరి అంటే తిట్టు. ఇప్పుడు ప్రభుత్వాలే ఆ దిమ్మరులను రమ్మని ప్రత్యేకంగా వీసాలు ముద్రిస్తున్నాయి, కాకపోతే జేబు చూసి. బాలిలో ఉండి పనిచేసుకోవడానికి ఇండోనేషియా ఇచ్చే వీసాకు ఏడాదికి 60,000 డాలర్ల ఆదాయం చూపాలి. దుబాయ్ రిమోట్ వర్క్ వీసాకు నెలకు 3,500 డాలర్లు. పోర్చుగల్ డీ8 వీసా అక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్లు అడుగుతుంది, 2025 లెక్కలో నెలకు 3,480 యూరోలు. మన కుర్రాడి 2,500 డాలర్లు ఈ మూడు గుమ్మాలూ దాటవు. మలేషియా డీఈ రాంటౌ పాస్‌కు టెక్ పనివాళ్లయితే ఏడాదికి 24,000 డాలర్లు చాలు కాబట్టి అక్కడ పాసవుతాడు. థాయ్‌లాండ్ 2024 జులైలో తెచ్చిన డీటీవీ, అంటే డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా, నెల ఆదాయానికి ఇలాంటి గీత గీయలేదు. బ్యాంకులో 5 లక్షల బాట్లు ఉన్నాయా అని చూస్తుంది. బాట్ రెండున్నర రూపాయలనుకుంటే పన్నెండున్నర లక్షలు. వీసా గడువు ఐదేళ్లు, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు. థాయ్ కంపెనీలకు మాత్రం పని చేయకూడదు.

ఇంట్లోనే ఉంటే ఎంత?

వీసా దొరికిందనే సంబరంలో చాలామంది వేయని లెక్క ఇది. డాలరు 80 రూపాయలే అనుకుందాం. అసలు ధర అంతకంటే పైనే ఉన్నా గుండ్రటి అంకెతో లెక్క తేలిక. నెలకు 2,500 అంటే ఏడాదికి 30,000 డాలర్లు, అంటే 24 లక్షల రూపాయలు.

ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీఏ అని అందరి నోళ్లలో నానిన సెక్షన్ ఒకటుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఆడిటర్లు ఇంకా పాత నంబరుతోనే పిలుస్తారు. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లతో పాటు ఐటీ వృత్తి కూడా ఆ జాబితాలో ఉంది. వచ్చిన డబ్బులో సగం ఖర్చులకు పోయిందని, మిగిలిన సగమే లాభమని చూపితే ప్రభుత్వం ఒప్పుకుంటుంది. బిల్లులు దాచక్కర్లేదు, పద్దుల పుస్తకాలు రాయక్కర్లేదు. 24 లక్షల్లో సగం 12 లక్షలు. 2025–26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల మీద పడే పన్ను 60,000, దాని మీద రిబేటు కూడా 60,000. కట్టాల్సింది సున్నా.

విజయవాడలో ఇంటి భోజనం తింటూ సున్నా. దీనికంటే తక్కువ పన్ను ఏ దేశమిస్తుంది?

జీఎస్టీ ఉంది కదా అంటారు. ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు, నిజమే. కానీ విదేశీ క్లయింటుకు పనిచేసి డాలర్లు తెచ్చుకుంటే అది ఎగుమతి. ఏటా ఎల్‌యూటీ అనే కాగితం ఆన్‌లైన్‌లో పెడితే పన్ను కట్టనక్కర్లేదు. అది పెట్టడం మరిచిపోతేనే 18 శాతం ముందు కట్టి, తర్వాత రీఫండ్ కోసం తిరగాలి.

ఇక ఇదే కుర్రాడు ఏడాది పొడవునా చియాంగ్ మాయ్‌లో ఉన్నాడనుకోండి. ఒక క్యాలెండర్ సంవత్సరంలో 180 రోజులుంటే థాయ్‌లాండ్ లెక్కలో అక్కడి పన్ను నివాసి. 2024 జనవరి 1 నుంచి అలాంటివాళ్లు బయట సంపాదించి లోపలికి తెచ్చుకున్న డబ్బు మీదా పన్ను పడుతోంది. అద్దెకూ తిండికీ నెలకు 50,000 బాట్లు తెచ్చుకుంటే ఏడాదికి 6 లక్షలు. సొంత మినహాయింపు 60,000 తీసేస్తే 5,40,000. మొదటి లక్షన్నరకు పన్ను లేదు, తర్వాతి లక్షన్నరకు 5 శాతం, ఆపై 2 లక్షలకు 10, మిగిలిన 40,000కు 15. మొత్తం 33,500 బాట్లు, సుమారు 84,000 రూపాయలు. ఇతర మినహాయింపులు దొరికితే కొంత తగ్గొచ్చు. కానీ అక్కడ కూర్చుని చేసిన పనికి వచ్చిందంతా అక్కడి ఆదాయమే, లోపలికి తెచ్చినా తేకపోయినా ఒకటే అనే వాదన కూడా ఆ దేశ చట్టంలో బలంగా నిలబడుతుంది. అలా తీసుకుంటే ఇంకా పెరుగుతుంది.

పన్ను మిగుల్చుకోవడానికి వెళ్లినవాడు 84,000 కట్టి వస్తాడన్నమాట. విమాన ఛార్జీలు, ఇన్సూరెన్స్ వేరే.

ఎవరికి లాభం?

44ఏడీఏకు ఒక గోడ ఉంది. నగదు 5 శాతం మించకపోతే 75 లక్షల వసూళ్ల వరకే అది వర్తిస్తుంది. 74 లక్షలు వచ్చినవాడు 37 లక్షలు లాభంగా చూపి, సెస్సుతో కలిపి 7,17,600 కడతాడు. వచ్చినదాంట్లో పదో వంతు కూడా కాదు. అదే 90 లక్షలు వస్తే సెక్షన్ వర్తించదు, నిజమైన లాభమే చూపాలి. ల్యాప్‌టాప్ ఒక్కటే పెట్టుబడి అయిన వ్యాపారంలో ఖర్చు ఎంతుంటుంది? 20 శాతం వేసుకున్నా లాభం 72 లక్షలు. సర్‌ఛార్జీ, సెస్సు కలిపి పన్ను 19 లక్షల 90 వేలు. రాబడి 16 లక్షలు పెరిగితే పన్ను దాదాపు 13 లక్షలు పెరిగింది! ఈ గోడ అవతలివాళ్లు దుబాయ్ వైపు చూస్తే తప్పుపట్టలేం.

టైటిల్‌లో ఉన్న తేదీ వాళ్ల కోసమే. మన ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు దేశంలో ఉంటే రెసిడెంట్, ఆ ఏడాది ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ లెక్క చెప్పాలి. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 28 వరకు లెక్కపెట్టండి: 181. ఎయిర్‌పోర్టుకు వెళ్లే రోజును కూడా కలుపుకోవడమే క్షేమం. సెప్టెంబర్ 29న ఎక్కితే, మిగిలిన ఆర్నెల్లూ దుబాయ్‌లో సంపాదించింది కూడా ఇక్కడి ఖాతాలోకే వస్తుంది.

అక్కడితో ఆగదు. అంతకుముందు నాలుగేళ్లలో మొత్తం 365 రోజులు ఇక్కడున్నవాళ్లకు అసలు హద్దు 60 రోజులే. ఉద్యోగం కోసం విదేశం వెళ్లే భారతీయులకు అది 182 అవుతుంది. సొంత వ్యాపారం కోసం వెళ్లడం కూడా అందులోకే వస్తుందని 2011లో కేరళ హైకోర్టు చెప్పింది. మరి టూరిస్టు తరహా వీసా మీద వెళ్లి కెఫేలో పనిచేసుకునేవాడి సంగతేమిటి? అక్కడ వాదన తప్పదు, ఆడిటర్ ఫీజూ తప్పదు.

ఎన్నారై అయ్యాక సొంతూరి డబ్బు కూడా రంగు మారుతుంది. మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా మార్చుకోవాలి. రెసిడెంట్‌కు ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీలో 10 శాతం కోసే బ్యాంకు, ఎన్ఆర్ఓలో సెస్సుతో కలిపి 31.2 శాతం కోస్తుంది. 12 లక్షల వరకూ సున్నా అన్న ఆ రిబేటు కూడా రెసిడెంట్లకే.

అమెరికాలో కంపెనీ పెట్టేస్తే సరి అనే సలహా మీద నాకు ప్రత్యేకమైన చిరాకు. వ్యోమింగ్‌లో ఎల్ఎల్‌సీ తెరవడానికి రాష్ట్రం తీసుకునేది 100 డాలర్లే. విదేశీయుడు ఒక్కడే యజమాని అయితే, పన్ను లేకపోయినా ఏటా ఫారం 5472 దాఖలు చేయాలి. మానేస్తే జరిమానా 25,000 డాలర్లు. మన కుర్రాడి పది నెలల సంపాదన! పైగా ఇక్కడ రెసిడెంట్‌గా ఉండి విదేశీ కంపెనీలో వాటాను రిటర్న్‌లో చూపకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల వడ్డన పడొచ్చు. ఎస్టోనియా 2014లో మొదలుపెట్టిన ఈ-రెసిడెన్సీ కార్డుతో ఇంట్లోంచే యూరప్ కంపెనీ నడపొచ్చు. అది వీసా కాదు, పన్ను నివాసమూ కాదు. పేరులో రెసిడెన్సీ ఉన్నంత మాత్రాన ఎవరూ టాలిన్‌లో గది ఇవ్వరు.

డబ్బు కాని లెక్క కూడా ఒకటుంది. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నర, చియాంగ్ మాయ్‌లో రాత్రి 8. చలికాలంలో ఇక్కడ ఏడున్నర, అక్కడ 9. నిమ్మాన్ రోడ్డులో అందరూ బీరు, నూడుల్స్ ముందు కూర్చునే వేళకు మనవాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని "కెన్ యూ హియర్ మీ" అంటుంటాడు. అమెరికా క్లయింట్లున్నవాడు తూర్పుకు జరిగేకొద్దీ రాత్రిళ్లు పోతాయి. జార్జియా రాజధాని టిబిలిసిలో ఆ వేసవి కాల్ సాయంత్రం 5కే వస్తుంది, డిన్నర్ మిగులుతుంది. ఎక్కడికి వెళ్లినా బల్ల సొరుగులో రెండో ఫోన్, అందులో విజయవాడ సిమ్ తప్పవు. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే. 90 రోజులు వాడకుండా వదిలేస్తే నంబరే పోయే ప్రమాదం, కాబట్టి అప్పుడప్పుడు రీఛార్జి చేసి దానితో ఇంటికి ఫోన్ చేయాలి. అమ్మ సంతోషిస్తుంది, కారణం చెప్పకపోతే.

ఇంతకీ ఆ కుర్రాడు సెప్టెంబర్ 28 లోపు ఎక్కాలా? అక్కర్లేదు. అక్టోబర్ 5న ఎక్కమంటాను. డిసెంబర్ 31కి 88 రోజులవుతాయి, ఫిబ్రవరి 28 దాకా ఉంటే ఇంకో 59. మొత్తం 147, వీసా ఇచ్చే 180 లోపే. ఏ క్యాలెండర్ సంవత్సరంలోనూ థాయ్ 180 గీత దగ్గరకు కూడా రాడు. ఇక్కడ 218 రోజులుంటాడు కాబట్టి రెసిడెంట్, 44ఏడీఏ ఉంటుంది, రిబేటు ఉంటుంది, పన్ను సున్నా. చియాంగ్ మాయ్ చుట్టూ పొలాలు, అడవులు తగలబడి ఊరంతా పొగ కమ్మేది ముఖ్యంగా మార్చిలో. అప్పటికి ఇతను గన్నవరంలో దిగి ఉంటాడు, కొత్తావకాయ కలిపే రోజులకు ఇంట్లో చేయి సాయం కూడా దొరుకుతుంది.