వేలిమీద వెండి

నీకు పద్దెనిమిది నిండాయి కదమ్మా, తొలి ఓటు నగర నిగమ్ (నగరపాలక సంస్థ) ఎన్నికలోనే వేయబోతున్నావు. నాకు చాలా సంతోషంగా ఉంది. ఢిల్లీకి మనిషిని పంపే ఓటు గొప్పదే, కాదనను. కానీ మన వీధి కాలవ, కుళాయి, దీపం, చెత్తబండి సంగతి చూసేది పార్షద్, అంటే కార్పొరేటర్. ఆ పార్షద్‌ని ఎన్నుకునేది ఒక్క వార్డు జనమే. అందుకే ఇక్కడ ఒక్కో ఓటుకీ బరువెక్కువ.

సరే, వేలికి పూసే సిరాతో మొదలుపెడదాం. నువ్వు కెమిస్ట్రీ చదువుతున్నావుగా! అందులో ఉండేది సిల్వర్ నైట్రేట్, అంటే వెండి లవణం. పూసిన వెంటనే కనిపించే ఊదారంగు వెండిది కాదు, కలిపిన రంగుది. అసలు పని తర్వాత జరుగుతుంది. మన చర్మం మీద చెమట ఉప్పు ఉంటుంది. అందులోని క్లోరైడ్‌తో వెండి కలిసి సిల్వర్ క్లోరైడ్ అవుతుంది. అది నీళ్లలో కరగదు. దాని మీద వెలుతురు పడగానే వెండి విడివడి, సన్నని రేణువులుగా చర్మానికి పట్టుకుంటుంది. మెరిసే వెండి కాదు, నల్లగా కనిపించే వెండి. ఎండలోకి వస్తే మచ్చ ఇంకా ముదురుతుంది. సబ్బుకి లొంగదు. చర్మం పైపొర రాలి కొత్తది వచ్చేదాకా ఉంటుంది. గోరు మీద మరీ ఎక్కువకాలం, ఎందుకంటే చేతిగోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లే పెరుగుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. మన భిలాయి ఉక్కు కార్ఖానాలో 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ఏం చేసింది? దల్లీ రాజహరా గనుల ఖనిజంలో ఆక్సిజన్‌తో కలిసి ఉన్న ఇనుముని విడదీసి లోహం చేసింది. దాన్ని క్షయకరణం అంటాం. నీ వేలిమీద వెండికి జరిగేదీ క్షయకరణమే. అక్కడ కోక్ బొగ్గు, భగభగలాడే కొలిమి కావాలి. ఇక్కడ పోలింగ్ బూత్ బయట ఎండ చాలు. మన హథ్‌ఖోజ్ ఫౌండ్రీల్లో పనిచేసేవాళ్లకి ఈ మాట చెప్తే ఎంత ఇష్టంగా వింటారో!

ఈ సిరా తయారీ వెనక ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ కృషి ఉంది. 1962 సాధారణ ఎన్నికల నుంచీ మైసూరులోని ప్రభుత్వ రంగుల కంపెనీ దీన్ని చేసి ఇస్తోంది. ఇలాంటి సిరాని హైదరాబాద్‌లో రాయుడు లేబొరేటరీస్ వాళ్లూ చేస్తారు. ఒక్కటి గుర్తుంచుకో. పోలింగ్ రోజు చేతికి కొబ్బరినూనె రాసుకోకు. జిడ్డుంటే సిరా పట్టదు, అందుకే బూత్‌లో ముందు తుడిచి మరీ పూస్తారు. పూశాక ఆరనివ్వు.

ఇక కాగితం బ్యాలెట్ మీద వేసే ముద్ర సంగతి. 2021 డిసెంబర్ 20న మన భిలాయి–చరోదా, భిలాయి, రిసాలీ నిగమ్‌లకి జరిగిన ఎన్నికలు కాగితం బ్యాలెట్‌తోనే జరిగాయి. ఆంధ్రాలో, తెలంగాణలో పంచాయతీ ఎన్నికలూ కాగితంతోనే జరిగాయి, సర్పంచికి గులాబీ రంగు, వార్డు సభ్యుడికి తెలుపు. ఆ కాగితం మీద వేసే స్వస్తిక్ ముద్రని ఎప్పుడైనా పరీక్షగా చూశావా? గుండ్రంగానో ఇంటూ గుర్తుగానో ఎందుకు పెట్టలేదంటావు? కాగితం మడిచినప్పుడు తడి సిరా ఎదురుగా ఉన్న ఇంకో గుర్తు మీద అంటుకోవచ్చు. గుండ్రని ముద్రయితే అసలేదో అంటుకున్నదేదో చెప్పలేం. స్వస్తిక్ అలా కాదు. ఎడమకాలి చెప్పుని ఎంత తిప్పినా కుడికాలిది కానట్టు, దాని అద్దపు నీడ ఎటు తిప్పినా అసలు ముద్రతో కలవదు. లెక్కపెట్టే అధికారి కొమ్ములు ఎటు తిరిగాయో చూసి ఓటు ఎవరిదో తేలుస్తాడు. ఇంత చిన్న ముద్రలో ఇంత ఆలోచన! కాగితమిస్తే ముందు నిలువుగా మడువు, తర్వాత అడ్డంగా. దాని మీద సంతకం, వేలిముద్ర వేయకు. ఓటరెవరో తెలిసే గుర్తు పడితే ఓటు చెల్లదు.

2021లో మేయర్‌ని పార్షద్‌లే ఎన్నుకున్నారు. తర్వాత మన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం చట్టం మార్చింది. 2025 ఫిబ్రవరి 11న దుర్గ్, రాయ్‌పూర్ జనం ఈవీఎం మీద మేయర్‌కొకటి, పార్షద్‌కొకటి ఓటేశారు. మనకీ అదే పద్ధతి వస్తే రెండూ వేయాలి, ఒకటి నొక్కి వచ్చేయకు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఓటర్ల జాబితా. ఇక్కడే మన తెలుగువాళ్ల ఓట్లు ఎక్కువ పోతాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి తరాలుగా ఇక్కడే ఉంటున్న కుటుంబాల్లో కూడా ఒకరి పేరు ఊళ్లో, ఒకరిది ఇక్కడ. చట్టం ప్రకారం పేరు ఒక్కచోటే ఉండాలి, అదీ మనం మామూలుగా ఉండే చోట. ఊరి మీద మమకారం నాకు తెలియదా? కానీ మురుగు పారేది ఇక్కడి గుమ్మం ముందు. సెక్టార్లలో ఉండే మీ పెద్దమ్మ వాళ్లది భిలాయి నగర నిగమ్, హథ్‌ఖోజ్‌లో మనది భిలాయి–చరోదా. ఇల్లు మారినవాళ్లు ఆ మార్పు రాయించకపోతే పాత వార్డులోనే ఉండిపోతారు. ఈ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. అది వార్డులవారీగా ముసాయిదా జాబితా వేసి, కొన్నాళ్లు అభ్యంతరాలు తీసుకుంటుంది. ఆ రోజుల్లోనే వెళ్లి మీ అమ్మ పేరూ, నీ పేరూ, ఇంటి నంబరూ వేలు పెట్టి చూసుకో. లేకపోతే అప్పుడే దరఖాస్తు ఇవ్వు. పోలింగ్ రోజున ఓటరు కార్డు చూపించినా జాబితాలో పేరు లేకపోతే ఓటు ఇవ్వరు.

ఒకవేళ నువ్వు వెళ్లేసరికి నీ పేరున ఎవరో వేసేశారనుకో, ఏడుస్తూ ఇంటికి రాకు. ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడుగు. నువ్వే నువ్వని రుజువైతే కాగితం బ్యాలెట్ ఇచ్చి, నీ ఓటుని విడిగా కవరులో పెడతారు. మామూలు లెక్కింపులో దాన్ని కలపరు. ఫలితం మీద ఎవరైనా కోర్టుకెళ్తే మాత్రం ఆ కవరు సాక్ష్యమవుతుంది.